ఏడో పేజీలో ఖాళీ

మా పెద్దజడ్జిగారు తీర్పు చెప్పేటప్పుడు మధ్యమధ్యలో ఖాళీలు వదులుతారు. మరిచిపోయి కాదు. గదిలో అటూ ఇటూ నడుస్తూ చెబుతూ చెబుతూ కిటికీ దగ్గర ఆగి, "ఇక్కడ మన మాట ఒకటి పెట్టండమ్మా" అంటారు. ఆ విషయం మీద ఈ కోర్టు ఇంతకుముందు ఏమందో వెతికి, ఆ వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు అక్కడ చేర్చమని దానర్థం. నేను షార్ట్‌హ్యాండ్ నోటుబుక్కులో ఒక సున్నా చుట్టి, మళ్లీ ఆయన మాటల వెంట పడతాను. సాయంత్రం టైపు చేసేటప్పుడు పాత తీర్పులు తిరగేసి ఆ సున్నాలో పడాల్సిన మాట పెడతాను.

ఆరేళ్లలో ఇలాంటివి ఎన్ని నింపానో నాకే తెలియదు. నేను నింపింది ఆయన ఒక్కసారి కూడా సరిచూడలేదు. మొదటి పేజీ చూస్తారు, ఆఖరి పేజీ చూస్తారు, సంతకం పెడతారు. కొత్తలో నాకు భయం వేసేది. తర్వాత గర్వం మొదలైంది. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు. వరండాలో మిగతా స్టెనోలు "మా జడ్జి కామాకి కూడా కేకలేస్తాడు" అని మొత్తుకుంటుంటే నేను టీ గ్లాసు పట్టుకుని తీరుబడిగా నవ్వేదాన్ని. నాకు ముక్కు మీద కోపమని ఆఫీసులో పేరు. ఆ పేరు పెట్టింది కూడా వాళ్లే, ఆ నవ్వు చూడలేక.

మా కోర్టు సంగతి కాస్త చెప్పాలి. రాజ్యాంగం ఏమంటోందో తేల్చే కోర్టు ఇది. దీని పైన ఇంకో కోర్టు లేదు. జడ్జీలు అయిదుగురు. అయిదుగురూ ఒకే రోజు ప్రమాణం చేస్తారు, ఆరేళ్లకు ఒకే రోజు దిగిపోతారు. రాజ్యాంగంలో ఆ ముక్క రెండు లైన్లే. న్యాయమూర్తి పదవీకాలం ఆరేళ్లు, ఆపైన ఒక్క రోజు కూడా కొనసాగరాదు. కొత్తవాళ్లను ఎంచుకోవాల్సింది శాసనసభ. ఏడాదిగా వాళ్లు ఎంచుకోలేదు. ఈ పార్టీవాళ్లు పేరు చెబితే ఆ పార్టీవాళ్లు కాదంటారు, ఆ పార్టీవాళ్లు చెబితే వీళ్లు కాదంటారు. మా జడ్జీల గడువు నెలాఖరు శుక్రవారం సాయంత్రం అయిదు గంటలతో సరి. సభ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది.

అప్పుడు లాయర్ల సంఘం ఒక పిటిషన్ వేసింది. కొత్తవాళ్లు ప్రమాణం చేసేదాకా పాతవాళ్లే కొనసాగవచ్చని కోర్టే తేల్చాలని. పైన ఇంకో కోర్టు లేదు కాబట్టి ఆ అయిదుగురే వినాలి, ఆ అయిదుగురే చెప్పాలి. కంచె చేను మేయవచ్చా అని కంచెనే అడిగారన్నమాట. రెండు రోజులు వాదనలు నడిచాయి. ఇద్దరు జడ్జీలు ఉండిపోదామన్నారు. ఇద్దరు దిగిపోదామన్నారు. మిగిలింది మా పెద్దాయన. ఆయన ఎటు రాస్తే అదే తీర్పు.

నేను ఎటు కోరుకున్నానో దాచను. నా ఉద్యోగం ఆయన కుర్చీకి కట్టి ఉంది. జడ్జిగారి సొంత స్టాఫ్ జడ్జిగారితోపాటే వస్తారు, ఆయనతోపాటే పోతారు. అది రూలు. కింది కోర్టులో పదమూడేళ్లు చేసి, ఆయన రమ్మంటే రాజీనామా ఇచ్చి వచ్చాను. పాత సర్వీసు కలుస్తుంది, పింఛనుకు ఇరవయ్యేళ్లు నిండాలి. ఆ శుక్రవారానికి నాకు పంతొమ్మిదేళ్ల ఒక నెల అవుతుంది. ఇంకా పదకొండు నెలలు. ఆ సభ తీరు చూస్తే, జడ్జీలు కొనసాగితే పదకొండు నెలలేం ఖర్మ, రెండేళ్లయినా గడిచిపోతాయి. నా కడుపులో చల్ల కదలక్కర్లేదు.

బుధవారం పొద్దున ఆఫీసుకు వెళ్లేసరికి మా కోర్టు అటెండరు పెద్దజడ్జిగారి తలుపు ముందు స్టూలేసుకుని నిలబడి ఉన్నాడు. అందరం బాబాయి అంటాం. ఇప్పటికి మూడు జట్ల జడ్జీలను సాగనంపిన మనిషి. మా కోర్టులో ఒక పద్ధతి ఉంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. జడ్జి దిగిపోయే రోజు తలుపు మీది ఇత్తడి పేరుపలకకు ఉన్న నాలుగు స్క్రూల్లో మూడు అటెండరు విప్పుతాడు. నాలుగోది జడ్జే విప్పాలి. విప్పి పలక చేత్తో పట్టుకుని వెళ్లిపోవాలి. అంతకుముందు ఉన్న పెద్దజడ్జి ఆ ఒక్క స్క్రూ దగ్గర అరగంట నిలబడ్డాడని బాబాయి చెబుతుంటాడు.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"పోయినేడు తలుపులకి రంగేసినోళ్లు స్క్రూల మీద కూడా పూసేసి పోయారమ్మాయ్. బిగుసుకుపోయినయ్. ఎందుకైనా మంచిదని నూనె వేస్తున్నా."

"విప్పాల్సి వస్తుందనా?"

"నాకేం తెలుసు? విప్పమంటే విప్పుతా, వద్దంటే స్క్రూడ్రైవర్ లోపల పెట్టుకుంటా. నీకే తెలియాలి. ఆయన మాట ముందుగా పడేది నీ చెవిలోనే కదా!"

"పడితే మాత్రం నీకు చెబుతానా?"

"చెప్పవులే. నీ నోరు వాగినంత వాగుతుంది, అసలు సంగతి మాత్రం గుటుక్కున మింగేస్తుంది" అని నవ్వాడు.

పదకొండింటికి పెద్దజడ్జిగారు పిలిచారు. బల్ల మీద మూత పెట్టిన నీళ్లగ్లాసు, పిటిషన్ కట్ట, ఎప్పుడూ ఉండే మూడు పెన్నులు. ఆయన మొహం నిద్ర చాలనట్టుంది. నేను నోటుబుక్కు తెరిచాను. ఆయన నడవడం మొదలుపెట్టారు.

రెండో పేరాకే నాకు అర్థమైంది. ఉండిపోతున్నారు.

తీర్పు బాగుంది. బాగుండటమే దానితో చిక్కు. న్యాయస్థానం ఒక్క పూట కూడా ఖాళీగా ఉండకూడదన్నారు. పౌరుడి హక్కుకు సెలవు దినం లేదన్నారు. శాసనసభ తప్పుకు ప్రజలను శిక్షించకూడదన్నారు. పొద్దున్నే ఇల్లు పడగొట్టడానికి మనుషులు వస్తే ఆ ఇంటివాడు ఎవరి తలుపు తట్టాలని అడిగారు. రాస్తూ రాస్తూ నేనే తలాడించాను. నా పదకొండు నెలలు కూడా నాతోపాటు తలాడించే ఉంటాయి.

కిటికీ దగ్గర ఆగారు. "పదవీకాలం పొడిగింపు గురించి ఇక్కడ మన మాట ఒకటి పెట్టండమ్మా" అన్నారు.

నేను సున్నా చుట్టాను. చుట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ విషయం మీద ఈ ఆరేళ్లలో మా కోర్టు ఒక్క మాటే అంది. ఆ మాట ఆయనదే. షార్ట్‌హ్యాండులో రాసుకున్నది నేను.

"రాశారా?" అన్నారు.

"రాశాను సార్" అన్నాను. ఆయన మళ్లీ నడవడం మొదలుపెట్టారు.

అది పాల సంఘం కేసు. నాలుగేళ్ల కిందటిది. ఏదో చిన్న ఊళ్లో పాలు పోసే రైతుల సంఘం. దానికి ఒక అధ్యక్షుడు. గడువు ముగిసినా ఎన్నికలు జరగలేదు. ఆయన కమిటీవాళ్లను కూర్చోబెట్టి, కొత్త కమిటీ వచ్చేదాకా మేమే ఉంటామని తీర్మానం రాసుకున్నాడు. సభ్యులు ఎదురు తిరిగారు. అది పాకి పాకి మా కోర్టుదాకా వచ్చింది. ఆ అధ్యక్షుడు లాయరును పెట్టుకోకుండా తానే వచ్చి నిలబడ్డాడు. ఎండకు నల్లబడిన సన్నటి మనిషి. చేతిలో కాగితాలున్న ప్లాస్టిక్ సంచి. దొంగ కాదు. ఒక్క రూపాయి తిన్నాడని అవతలివాళ్లు కూడా అనలేదు.

"అయ్యా, నేను దిగిపోతే పాలు ఎవరు చూస్తారు? వేసవి. మధ్యాహ్నానికి విరిగిపోతాయి" అన్నాడు.

అప్పుడు మా పెద్దాయన చెప్పిన మాటలు నాకు కంఠతా వచ్చు: "తన గడువును తానే పొడిగించుకునే మనిషి ఎంత మంచివాడైనా, ఆ క్షణం నుంచి అతడు అధ్యక్షుడు కాడు, కుర్చీలో కూర్చున్న ఒక మనిషి మాత్రమే. నేను లేకపోతే పని ఆగిపోతుందనేది ప్రతి ఒక్కరికీ నిజమనిపిస్తుంది. అందుకే ఆ సంగతి తేల్చే అధికారం ఆ ఒక్కరికి మాత్రం ఉండకూడదు. పాలు విరగకుండా చూడటం వచ్చేవాళ్ల పని. వేళకు లేవడం ఉన్నవాళ్ల పని."

అధ్యక్షుడు సంచి సర్దుకుని, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నుంచి నాలుగింటిదాకా తీర్పు టైపు చేస్తూ కూర్చున్నాను. ఏడో పేజీలో ఆ సున్నా దగ్గరికి వచ్చి ఆగాను. మూడు దారులు కనిపించాయి. ఒకటి, మన మాట ఏదీ దొరకలేదు సార్ అని చెప్పడం. ఆయన నమ్ముతారు. సరే, అది లేకుండానే కానివ్వండి అంటారు. నా పింఛను నాకొస్తుంది. రెండు, ఆ మాట పెట్టేసి నోరు మూసుకోవడం. ఆయన ఎప్పట్లాగే మొదటి పేజీ, ఆఖరి పేజీ చూసి సంతకం చేస్తారు. తీర్పు చదివిన ప్రతివాడూ పగలబడి నవ్వుతాడు, పాలాయనకు చెప్పిన నీతి తన దాకా వచ్చేసరికి ఏమైందిరా అని. నా ఉద్యోగం ఉంటుంది, ఆయన పరువు పోతుంది. మూడోది ఏమిటో నాకు తెలుసు. అందుకే దాని గురించి ఆలోచించకుండా, పేజీలో అయిదు లైన్లు ఖాళీ వదిలేసి ఇంటికి వెళ్లాను.

మా ఆయన సిటీ బస్సు కండక్టర్. ఏడింటికి డ్యూటీ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని, నా మొహం చూశాడు.

"ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేదంటే చాలానే ఉందన్నమాట. శుక్రవారం గురించా?"

తీర్పు సంగతి బయట చెప్పకూడదు. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు, మా ఆయనకైనా సరే. అన్నం వడ్డిస్తూ వేరే ప్రశ్న అడిగాను. "ఆఖరి స్టాపు వచ్చాక కూడా ఎవరైనా దిగకుండా కూర్చుంటే మీరేం చేస్తారు?"

"అరుస్తాం."

"అరవలేని మనిషైతే? పెద్దమనిషి. మీకు గౌరవం ఉన్న మనిషి."

ఆయన ముద్ద కలుపుతూ ఆలోచించాడు. "భుజం మీద తడతాం. చాలామంది కునుకు తీస్తూ ఉంటారు. ఉలిక్కిపడి లేచి, అయ్యో, వచ్చేసిందా అని దిగిపోతారు."

"అందరూ అంతేనా?"

"కొందరు మేలుకునే కూర్చుంటారు, బస్సు వెనక్కి తిరిగితే టికెట్ లేకుండా పోవచ్చని. వాళ్లని తట్టినా ఒకటే, తట్టకపోయినా ఒకటే." నా వైపు చూశాడు. "ఇంతకీ నిద్రపోయిందెవరు?"

"మీకెందుకు? తినండి."

ముద్ద మింగి ఆయనే అన్నాడు, "పదకొండు నెలలది ఏమన్నా తేలుతుందా?"

"తేలుతుంది" అన్నాను. ఆయన కంచం కడిగి పెట్టి, నా చెయ్యి ఒకసారి పట్టుకుని వదిలేశాడు.

గురువారం ఎనిమిదిన్నరకే ఆఫీసుకు వెళ్లాను. ఇనప బీరువా తెరిచి పాల సంఘం ఫైలు తీసి, ఆ మాటలు అక్షరం పొల్లుపోకుండా ఏడో పేజీలో టైపు చేశాను. కేసు నంబరు, తేదీ కింద పెట్టాను. అయిదు లైన్లు వదిలితే ఏడు లైన్లు పట్టింది. పేజీలన్నీ కలిపి గుచ్చి, పదింటికి తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

ఆయన మొదటి పేజీ చూశారు. నేను వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాను. కట్టను తిరగేసి ఆఖరి పేజీ తెరిచారు. మధ్య పెన్ను అందుకున్నారు. మూత తీశారు.

"సార్" అన్నాను. "ఏడో పేజీ ఒకసారి చూడండి సార్."

ఆరేళ్లలో నేను ఆయనకు ఏ పేజీ చూడమనీ చెప్పలేదు. ఆయన నన్ను చూశారు. పెన్ను కింద పెట్టి ఏడో పేజీ తీశారు.

చదవడానికి అరనిమిషం చాలు. ఆయన చాలాసేపు చదివారు.

"వేరే మాట ఏదీ దొరకలేదా?"

"దీని మీద మనం అన్నది ఇదొక్కటే సార్."

"ఇది సంఘం కేసు. కోర్టు వేరు."

"అవును సార్."

"కోర్టుకి రేపు ఎవరూ లేకపోతే ఏం జరుగుతుందో పాల సంఘంతో పోల్చలేం."

"అవును సార్."

"అన్నిటికీ అవునంటారేమిటి?" అని గట్టిగా అన్నారు. ఆయన నా మీద గొంతు పెంచడం అదే మొదటిసారి. మామూలుగా అయితే నేనే రెండు మాటలు ఎక్కువ అనేదాన్ని. ఆ రోజు నా కోపం ఎక్కడ దాక్కుందో తెలియదు.

ఆయన కట్ట నా వైపు తోశారు. "ఇది తీసేయండి. పైదీ కిందిదీ కలిపేసి మళ్లీ టైపు చేసి తీసుకురండి."

"సరే సార్" అన్నాను. ఆయన తీర్పు, ఆయన ఇష్టం. రాయించేది ఆయన, రాసేది నేను. కాగితాలు తీసుకుని తలుపుదాకా వచ్చేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కోపం వల్లేమో అనుకున్నాను. కోపం కాదు. మేలుకునే కూర్చున్నారే అని దిగులు.

గడియ మీద చెయ్యి వేశాను.

"అమ్మా." వెనక నుంచి పిలిచారు. "ఆ అధ్యక్షుడు తర్వాత ఒక ఉత్తరం రాశాడు కదూ?"

"రాశారు సార్. ఫైల్లోనే ఉంది."

"ఒకసారి తీసుకురండి."

తెచ్చి ఇచ్చాను. గీతల నోటుబుక్కులోంచి చింపిన కాగితం. వచ్చిన రోజు ఆయనే నాకు పైకి చదివి వినిపించి, జాగ్రత్తగా పెట్టమన్నారు. అందులో ఇలా ఉంది:

"అయ్యా, మీరు దిగమన్నారు, దిగాను. కొత్తవాళ్లు వచ్చిన మొదటి రెండు రోజులు నాలుగు వందల లీటర్లు విరిగిపోయాయి. నేను లోపల్లోపల సంతోషించాను, మీ దగ్గర దాచను. మూడో రోజు నుంచి ఒక్క చుక్క కూడా విరగలేదు. విరగనందుకు నాకు కొంచెం బాధగా ఉంది. ఈ మాట ఇంట్లో కూడా చెప్పుకోలేను. మీరు పెద్దలు, మీకు అర్థమవుతుందని రాశాను."

నాలుగేళ్ల కిందట నవ్విన చోటే మళ్లీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి ఉత్తరం మీద పెట్టారు.

"ఈ పిటిషన్ వచ్చినప్పట్నించీ నాకు నిద్ర లేదమ్మా. మేం లేకపోతే ఈ కోర్టు ఏమైపోతుందా అనే ఆలోచించాను. కుర్చీ మీద ఆశతో కాదు. నిజంగానే అలా అనిపించింది."

"తెలుసు సార్."

"ఆయనకీ నిజంగానే అనిపించి ఉంటుంది."

"అవును సార్. వేసవి కదా సార్" అన్నాను.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్లారు. అవతలి భవనం మెట్ల మీద ఎవరో కాగితాలు సర్దుకుంటున్నారు. ఆయన అటే చూస్తూ, "నోటుబుక్కు తీయండి. మొదట్నించీ రాద్దాం" అన్నారు.

పదమూడు పేజీల తీర్పు పేజీన్నరకు వచ్చింది. ఎవరూ లేకపోవడం వల్ల కలిగే కష్టాన్ని దాచలేదు. ఆ కష్టం బాధ్యత శాసనసభదని రాయించారు. ఆ కష్టాన్ని చూపించి మా కుర్చీలు మేమే కాపాడుకోలేమని రాయించారు. చివరికి వచ్చేసరికి ఆగి, "ఇక్కడ మన మాట ఒకటి పెట్టండి. ఏది పెట్టాలో మీకు తెలుసు" అన్నారు. సున్నా చుట్టాను. టైపు చేసి తెచ్చాక మాత్రం పేజీన్నరా అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టారు.

శుక్రవారం పదకొండింటికి తీర్పు చదివారు. హాల్లో లాయర్ల సంఘంవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. ఒకాయన కోటు జేబులో చెయ్యి పెట్టుకుని అభినందనల కాగితం సిద్ధంగా ఉంచుకున్నట్టున్నాడు. ఆ చెయ్యి బయటికి రాలేదు.

నాలుగున్నరకు బాబాయి స్టూలు తెచ్చి స్క్రూలు విప్పాడు. నూనె పనిచేసింది, మూడూ సులువుగానే వచ్చాయి. పెద్దజడ్జిగారు బయటికి వచ్చి స్క్రూడ్రైవర్ అందుకున్నారు. నేను నా సంచి, గొడుగు, మగ్గు తీసుకుని పక్కనే నిలబడ్డాను. నా వస్తువులు అంతే.

రెండు చుట్లు తిప్పాక, ఏదో గుర్తొచ్చినట్టు అడిగారు, "మీ సర్వీసు ఎంతైందమ్మా?"

"పంతొమ్మిదేళ్ల ఒక నెల సార్."

ఆయన చెయ్యి ఆగింది. ఇరవయ్యేళ్ల రూలు ఆయనకు తెలియనిది కాదు. "మరి బుధవారం ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏం చేసేవారు సార్?"

ఆలోచించారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "ఏమో. తెలియదు."

"నాకూ తెలియదు సార్. చెప్పాలని మాత్రం గట్టిగానే అనిపించింది."

బాబాయి గోడ వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాడు. పెద్దజడ్జిగారు స్క్రూ పూర్తిగా విప్పారు. పలక ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. తలుపు మీద పాత రంగు నలుచదరంగా మిగిలింది. అయిదుకు పది నిమిషాలుండగా అందరం మెట్లు దిగాం.

కోర్టు మూతపడింది. ఏడాదిగా తేల్చని శాసనసభ, తలుపుల ముందు జనం పోగై కేకలు పెడితే ఇరవై మూడు రోజుల్లో తేల్చింది. ఆ ఇరవై మూడు రోజుల్లో ఒక కుటుంబం ఇల్లు పోయింది. స్టే ఇవ్వడానికి ఎవరూ లేక పడగొట్టేశారు. పేపర్లో చిన్న వార్త వచ్చింది. నేను దాన్ని కత్తిరించి పెట్టుకున్నాను. మేం చేసిన పనికి ఖరీదు లేదని ఎవరైనా అంటే చూపించడానికి.

నేను ఇప్పుడు బస్టాండు ఎదురుగా ఒక నోటరీ దగ్గర టైపు చేస్తున్నాను. అద్దె అగ్రిమెంట్లు, అఫిడవిట్లు. నోటరీ మంచివాడే, కామాకి మాత్రం కేకలేస్తాడు. వరండాలో నేను నవ్విన నవ్వులన్నిటికీ ఇది సరిపోయింది. పింఛను రాదు. మా ఆయన ఆ మాట ఎత్తడు. ఒక్కసారి మాత్రం, "దిగారా మీ పెద్దమనిషి?" అని అడిగాడు. "దిగారు" అన్నాను. "అయితే నిద్రేలే" అన్నాడు.

మేం మెట్లు దిగిన నాలుగో నెలలో, మొన్న ఫోను మోగింది. పెద్దజడ్జిగారు.

"కొత్తవాళ్ల మొదటి తీర్పు వచ్చిందట. చూశారా?"

"చూశాను సార్." నిజానికి వచ్చిన రోజే నోటరీ పక్క కొట్లో ప్రింటు తీయించి రెండుసార్లు చదివాను. తప్పులు దొరుకుతాయేమోనని ఎర్రపెన్ను కూడా పెట్టుకుని కూర్చున్నాను.

"ఎలా ఉంది?"

"బాగుంది సార్. పాత తీర్పులు కూడా సరిగ్గానే వెతికి పెట్టారు. ఎవరో తెలివైన స్టెనోనే."



"ఆ ఇంటివాళ్ల గురించి చదివారా?" అన్నారు.

"చదివాను సార్."

"నేను వెళ్లి చూసి వచ్చాను. ఏం మాట్లాడాలో తెలియలేదు." తర్వాత మాట మార్చారు. "కోర్టు మాత్రం బాగానే నడుస్తోందన్నమాట."

"నడుస్తోంది సార్. పాలు విరగలేదు."

ఆయన నవ్వలేదు. "మీకెలా ఉందమ్మా?" అని అడిగారు.

ఎర్రపెన్ను ఇంకా బల్ల మీదే ఉంది. ఆ తీర్పులో ఒక్క చోట కూడా దాన్ని వాడే పని పడలేదు.

"కొంచెం బాధగా ఉంది సార్" అన్నాను.

"నాకూ అంతేనమ్మా" అన్నారు పెద్దజడ్జిగారు.